ఆంధ్రలో పుట్టిన ఎస్టీ కోడలు గుణుపురంలో ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే?

మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. మా వదిన జాతాపు, పుట్టిల్లు సీతంపేట. ఓటు ఇక్కడే. 2029లో ఇండిపెండెంటుగా నిలబడాలనుకుంటోంది. నీళ్ల కోసమైనా రేషన్ కోసమైనా ముందు నడిచేది ఆమే, నిలబడి తీరాలి. డిపాజిట్ 5,000, ప్రతిపాదించే ఓటర్లు 10 మంది సిద్ధం.

చిక్కంతా కుల సర్టిఫికెట్‌తోనే. జాతాపులు రెండు రాష్ట్రాల ఎస్టీ జాబితాల్లోనూ ఉన్నారు. కానీ ఇది రిజర్వుడు సీటు, ఒడిశా ఎస్టీ అయి ఉండాలి. ఆంధ్ర సర్టిఫికెట్ పెడితే చెల్లదన్నారు. అన్నయ్యది జతచేస్తే, పెళ్లితో కులం రాదు, తండ్రి పేరున ఇక్కడి పట్టా తెమ్మన్నారు. ఆయన భూమి సీతంపేటలో ఉంది. వదిన తాతది మాత్రం గుణుపురమే. 1936కు ముందు, ఇది విశాఖ జిల్లాలో ఉన్నప్పటి ఆయన భూమి కాగితం దొరికింది. అంచులు చిరిగాయి, పేరూ ఊరూ చదవగలుగుతున్నాం.

ఇలా తాత కాగితంతో ఒడిశాలో ఎస్టీ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఉంటే, దానికి తోడు ఏ పత్రాలు పెట్టారో చెప్తారా?