స్క్రిప్టు చూసి చదవడానికి టీచర్ ఎందుకు? అమెరికా పబ్లిక్ స్కూళ్లలో పనిచేసేవాళ్లు కాస్త చెప్పండి

మూడో_తరగతి_టీచర్:
అందరికీ నమస్తే. మాది గుంటూరు దగ్గర. అక్కడ పదకొండేళ్లు ఇంగ్లీషు చెప్పి, నిరుడు ఆగస్టులో జె-1 వీసా మీద టెక్సస్ వచ్చాను. పబ్లిక్ స్కూల్లో మూడో తరగతి. మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బళ్లన్నీ నడిపే ఆఫీసు) వాళ్లు ఒక కంపెనీ దగ్గర రీడింగ్ ప్యాకేజీ కొన్నారు. స్లైడ్లు, వర్క్‌బుక్కులు, పరీక్షలు, అన్నీ ఆ డబ్బాలోనే. టీచర్ బుక్కులో నేను పలకాల్సిన మాటలు నీలం రంగులో ఉంటాయి, పిల్లలు ఏం జవాబు చెప్తారో కూడా పక్కనే వేసి ఉంటుంది! స్లైడ్ మూలన టైమర్ తిరుగుతూ ఉంటుంది.

పోయిన వారం పాఠం, గడ్డకట్టిన సరస్సుకి చిల్లుపెట్టి చేపలు పట్టడం. మా క్లాసులో సగం పైన పిల్లలు ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు. హోండురస్ నుంచి వచ్చి ఐదు నెలలైన పిల్లాడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు, లేచి "మరి చేపలు చచ్చిపోవా?" అన్నాడు. స్క్రిప్టులో ఈ ప్రశ్న లేదు. నేను బోర్డు మీద బొమ్మ గీసి, మంచు పైన తేలుతుంది, అడుగున నీళ్లు నీళ్లలాగే ఉంటాయి అని చెప్తుంటే, వాడు వాళ్ల నాన్న వల ఎలా విసిరేవాడో చేతులు తిప్పుతూ సగం స్పానిష్‌లో చెప్పుకొచ్చాడు. అదే టైంకి వాక్‌త్రూకి (క్లాసులు తిరిగి చూడటానికి) వచ్చిన కోచ్, అంటే ప్యాకేజీ సరిగ్గా వాడుతున్నామా అని చూసే ఆవిడ, వెనక నిలబడి ఐప్యాడ్‌లో ఏదో నొక్కుకుంది. సాయంత్రానికి మెయిల్. పేసింగ్ గైడ్ (ఏది ఎంతసేపట్లో అవ్వాలో చెప్పే పట్టిక) ప్రకారం ఏడు నిమిషాలు వెనకబడ్డానట, "ఫిడెలిటీ", అంటే ప్యాకేజీని ఉన్నదున్నట్టు పాటించడం, తగ్గిందట.

వీసా ఉన్నంత కాలం ఎవరితోనూ గొడవ పడలేను. అలాగని నీలం అక్షరాలు చదివి ఇంటికి రావడం కూడా నా వల్ల కావట్లేదు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

పాత_టీచరమ్మ:
అమ్మా, నేను కాలిఫోర్నియాలో 2001లో చేరాను. ఆ రోజుల్లో లాస్ ఏంజెలెస్ స్కూళ్లలో ఓపెన్ కోర్ట్ అని మెక్‌గ్రా-హిల్ వాళ్ల ప్యాకేజీ నడిచేది, దాని కోచ్‌లకి అక్కడి టీచర్లు పెట్టిన పేరు "ఓపెన్ కోర్ట్ పోలీసులు". మా ఊళ్లో ప్యాకేజీ వేరు, పోలీసులు మాత్రం అలాంటివాళ్లే.

2002లో బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టంతో రీడింగ్ ఫస్ట్ అని పథకం వచ్చింది, ఏడాదికి దాదాపు 100 కోట్ల డాలర్లు. పరిశోధనతో రుజువైన పద్ధతికే డబ్బు అన్నారు. వినడానికి బాగానే ఉంది. 2006లో అమెరికా కేంద్ర విద్యాశాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే, ఫలానా ప్యాకేజీల వైపు రాష్ట్రాలను తోశారని, సలహా ఇచ్చినవాళ్లలో కొందరికి వాటితో సొంత లాభం సంబంధాలున్నాయని రిపోర్టు రాశాడు. 2008లో ఆ పథకం మీద పెద్ద అధ్యయనం వచ్చింది. ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని పదం చదవడంలో కొంచెం మెరుగయ్యారు కానీ, చదివింది అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. అన్నేళ్లు, అంత డబ్బు.

నాకు కోపం ఎక్కడంటే, కొనేది ఆఫీసువాళ్లు, వాడేది మనం, మింగలేక కక్కలేక కూర్చునేది పిల్లలు. పైగా వర్క్‌బుక్కు ఒకసారి రాస్తే అయిపోయె, మళ్లీ ఏడాది మళ్లీ కొనాలి. ఆ డబ్బుతో క్లాసుకి ఒక షెల్ఫు నిండా కథల పుస్తకాలు వచ్చేవి.

నీకు నేను చెప్పేది ఒకటే. "ఇందులో అస్సలు మార్చకూడనివి ఏవి?" అని కోచ్‌కి మెయిల్ పెట్టు, మర్యాదగా. నోటిమాట వద్దు. రాసి ఇవ్వమంటే వాళ్లు చాలా తక్కువే రాస్తారు, నా అనుభవం. మిగతాదంతా నీదే.

ఐప్యాడ్_కోచ్:
ఆ ఐప్యాడ్ పట్టుకుని తిరిగేదాన్ని నేనే (మీ స్కూల్లో కాదులెండి), కాబట్టి రాళ్లు వేసేముందు నా మాట కూడా వినండి. మా దగ్గర మధ్యలో ఉద్యోగం వదిలేసి పోయే టీచర్లు ఎంతమందో తెలుసా? అక్టోబరులో ఒకరు, జనవరిలో ఒకరు, వాళ్ల స్థానంలో ట్రైనింగ్ లేని సబ్‌స్టిట్యూట్. ఆ క్లాసుకి స్క్రిప్టు లేకపోతే ఆ పిల్లల ఏడాది గంగలో కలిసినట్టే. 1968 నుంచి 1977 దాకా నడిచిన ప్రాజెక్ట్ ఫాలో త్రూ అనే పెద్ద సర్కారు ప్రయోగంలో పేద పిల్లల మీద రకరకాల పద్ధతులు పోల్చి చూస్తే, మాట మాటా రాసిచ్చే డైరెక్ట్ ఇన్‌స్ట్రక్షనే ముందు నిలిచింది. టీచర్ స్వేచ్ఛ అంటారు, బొమ్మ చూసి పదం ఊహించమని నేర్పిన స్వేచ్ఛ కూడా చూశాం. దాని దెబ్బ తిన్నది ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లలే.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. ఫోనిక్స్ (ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పేది) వరస తప్పకూడదు, అక్కడ స్క్రిప్టు పనికొస్తుంది. కథ చదివి మాట్లాడుకోవడానికి పనికిరాదు, ఎందుకంటే ఆ క్లాసులో ఎవరు కూర్చున్నారో రాసినవాడికి తెలియదు. కంపెనీ మాత్రం రెండూ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతుంది, మేం రెంటికీ ఒకే చెక్‌లిస్టు పట్టుకుని తిరుగుతాం. మీ హోండురస్ పిల్లాడి దగ్గర నేనుంటే టిక్కు పెట్టేదాన్నో లేదో, నిజంగా చెప్పలేను. ఆ చెక్‌లిస్టులో "పిల్లాడు మొదటిసారి మాట్లాడాడు" అనే గడి లేదు.

విజయవాడ_లెక్చరర్:
చదువుతుంటే మన కార్పొరేట్ కాలేజీ మైక్రో షెడ్యూల్ గుర్తొచ్చింది. ఫలానా తారీఖు, ఫలానా పీరియడ్, ఫలానా సమ్. రాష్ట్రమంతా ఒకే రోజు ఒకే లెక్క. తొమ్మిదేళ్లు చేశాను, పిల్లాడికి అర్థం కాలేదని ఆగితే డీన్ రౌండ్స్‌లో దొరికిపోయేవాణ్ణి. అది ఫీజు కట్టించుకునే కాలేజీ అనుకున్నా, అమెరికా సర్కారు బడిలో కూడానా?

క్వీన్స్_నాన్న:
నేను టీచర్ని కాదు, న్యూయార్క్‌లో ఒక నాలుగో తరగతి పిల్ల తండ్రిని. ఇక్కడ 2023లో ఎన్‌వైసీ రీడ్స్ అని మొదలుపెట్టి, ఎలిమెంటరీ స్కూళ్లన్నీ మూడు ప్యాకేజీల్లోంచే ఎంచుకోవాలన్నారు, ఎక్కువ డిస్ట్రిక్టులు ఇన్‌టు రీడింగ్ తీసుకున్నాయి. అంతకుముందు చాలా బళ్లలో ఉన్న యూనిట్స్ ఆఫ్ స్టడీ అనే రీడింగ్ పాఠాల మీద విమర్శలు వచ్చాకే ఈ మార్పు, అది అర్థం చేసుకోగలను.

మా పాప బడిలో ఏది నడుస్తుందో ఇక్కడ రాయను. కానీ ఇంటికి తెచ్చే కథలకి తోక ఉండదు. ఒకరోజు చదివి వినిపించింది. అమ్మాయి పడవ ఎక్కింది, తుఫాను మొదలైంది, అయిపోయింది, కింద ఐదు ప్రశ్నలు. "తర్వాత?" అన్నాను. "అంతే ఉంది నాన్నా, ఇది ముక్క మాత్రమే." వెంటనే లైబ్రరీకి తీసుకెళ్లి అసలు పుస్తకం పట్టుకొచ్చాను, రెండు రాత్రుల్లో అవగొట్టింది. లైబ్రరీకి తీసుకెళ్లే తీరిక లేని ఇళ్లలో ఆ అమ్మాయి ఇంకా తుఫానులోనే ఉంది.

డాలస్_అన్న:
చెల్లీ, నువ్వు టెక్సస్ కాబట్టి ఇది తెలుసుకో. బ్లూబానెట్ అని రాష్ట్రం సొంతంగా తెచ్చిన పాఠాలకి 2024 నవంబరులో స్టేట్ బోర్డు 8-7 ఓట్లతో ఓకే చెప్పింది. వాటిలో ఉన్న బైబిల్ కథల మీదే గొడవంతా జరిగింది, డబ్బు సంగతి అంతగా ఎవరూ మాట్లాడలేదు. అవి తీసుకునే డిస్ట్రిక్టుకి ఏడాదికి ఒక్కో పిల్లాడి లెక్కన 60 డాలర్ల దాకా అదనం. బడ్జెట్ ఖాళీగా ఉన్న డిస్ట్రిక్టు ఏం చేస్తుందో ఊహించుకో. మీకు ఇప్పుడున్న డబ్బా వచ్చే ఏడు ఉంటుందో లేదో కూడా చూసుకో, ఒకటి అలవాటయ్యేలోపు ఇంకోటి దిగుతుంది.

మూడో_తరగతి_టీచర్:
అందరికీ థ్యాంక్స్. పాత_టీచరమ్మ గారు చెప్పినట్టే మెయిల్ పెట్టాను, చాలా టెన్షన్ పడ్డాను కానీ జవాబు మెత్తగానే వచ్చింది. ఫోనిక్స్ ముట్టుకోవద్దు, యూనిట్ పరీక్ష తేదీ మారకూడదు, కథ దగ్గర పది నిమిషాలు నా ఇష్టం, కాకపోతే స్లైడ్ మాత్రం తెర మీద ఉండాలట. పది నిమిషాలంటే పదే. టైమర్ ఎలాగూ ఉందిగా.

రేపటి పాఠం మేపుల్ సిరప్, చెట్టుకి గాటు పెట్టి నీళ్లు పట్టి కాచడం. మా అమ్మమ్మగారి ఊళ్లో తాటి చెట్టుకి ముంత కట్టేవాళ్లు, తాటి బెల్లం అలాగే వచ్చేది. అది చెప్తే ఫిడెలిటీ కిందకి వస్తుందా కోచ్ గారూ?