సార్క్‌ను లేపాలా, బిమ్‌స్టెక్ చాలా?

పెరంబూరు పంతులు

2025 అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో తైమూర్ లెస్తెను ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో చేర్చుకున్నారు. పాపం, 2011లో పెట్టుకున్న దరఖాస్తు. ఆలస్యమైనా తలుపు తీశారు కదా! 1967లో ఐదు దేశాలతో మొదలైన కూటమి పదకొండుకు చేరింది. 1985లో ఢాకాలో ఏడు దేశాలతో పుట్టిన మన దక్షిణాసియా కూటమి సార్క్ 2007లో అఫ్గానిస్థాన్ రాకతో ఎనిమిదై, అక్కడే ఆగింది. 2014 నవంబరులో కాఠ్‌మాండూలో జరిగినదే చివరి శిఖరాగ్ర సమావేశం. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది ఉరీ దాడి తరువాత ఆగిపోయింది.

ఇప్పుడు ఎవరిని కదిలించినా బంగాళాఖాతం దేశాల కూటమి బిమ్‌స్టెక్ అంటున్నారు. మనం, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్. పాకిస్తాన్ లేదు. నా ఓటు మాత్రం సార్క్‌ను లేపడానికే. మీరేమంటారు?

కొరుక్కుపేట కుర్రవాడు

పంతులుగారూ, లేపి ఏం చేస్తారు? సార్క్ చార్టర్ ప్రకారం ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవంగా ఉండాలి. ఒకరు తల అడ్డంగా ఊపితే మిగతా ఏడుగురూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. కాఠ్‌మాండూలో వాహనాల రాకపోకల ఒప్పందానికి పాకిస్తాన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మనమూ బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ కలిసి థింఫూలో విడిగా సంతకాలు చేసుకున్నాం.

2017 మే 5 సాయంత్రం నేను మా మేడ మీద ఉన్నాను. ఐదుకు మూడు నిమిషాలుండగా శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచింది. బట్టలు ఆరేసిన తీగకు పైన, ఉత్తరాన, ఎండలో సున్నపు గీత లాంటి పొగ. చూస్తుండగానే సముద్రం వైపు వంగిపోయింది. దానిలో వెళ్లింది మొదట 'సార్క్ ఉపగ్రహం' అనుకున్నదే. పాకిస్తాన్ మాకొద్దంది, పేరు 'దక్షిణాసియా ఉపగ్రహం' అయింది, పని జరిగింది. పేరు మార్చుకుంటే పని జరుగుతుందంటే నాకు పేరుతో పేచీ లేదు.

పెరంబూరు పంతులు

బాబూ, పొరుగువాడితో పడకపోవడం మనకొక్కరికే వచ్చిన కష్టమా? 1963 నుంచి 1966 దాకా ఇండొనేసియా, మలేసియా సరిహద్దు అడవుల్లో కాల్చుకున్నాయి. మరుసటి ఏడాదే ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆసియాన్ పెట్టాయి. కంబోడియా విషయంలో పదేళ్లపాటు వియత్నాంను తిట్టిపోసిన కూటమి, 1995లో ఆ వియత్నాంనే లోపలికి రమ్మంది.

కొరుక్కుపేట కుర్రవాడు

సగమే చెప్పారు. ఇండొనేసియాలో సుకర్ణో పట్టు జారి సుహార్తో వచ్చాకే ఆ పోరు ఆగింది. వియత్నాం సైన్యం కంబోడియా వదిలాకే దానికి పిలుపు అందింది. ముందు కొట్లాట ఆగింది, తరువాత కూటమి పెరిగింది. మీరు వరుస తిరగేస్తున్నారు. పైగా పెరిగి ఏం సాధించారు? 2025లో థాయ్‌లాండ్, కంబోడియా ఫిరంగులు పేల్చుకున్నాయి. రెండూ సభ్య దేశాలే.

రంగం మనవరాలు

మీరిద్దరూ బల్లల గురించే మాట్లాడుతున్నారు. నేను ఓడ గురించి చెబుతాను.

మా తాతగారిది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడివాళ్లకు రంగూన్ ఎప్పుడూ రంగమే. ఊళ్లో పని లేకపోతే 'రంగం పోయాడు' అనేవారు, పక్క ఊరికి వెళ్లినంత తేలికగా. 1962లో అక్కడ, అంటే నేటి మయన్మార్ అయిన బర్మాలో, సేనాని నే విన్ సైన్యంతో గద్దెనెక్కి, దుకాణాలన్నీ ప్రభుత్వపరం చేశాక మావాళ్లు తిరుగు ఓడ ఎక్కారు. ఎక్కేముందు తనిఖీలో నాయనమ్మ చెవి కమ్మలు కూడా ఉంచుకోనివ్వలేదు. మద్రాసు రేవులో దిగేటప్పుడు ఆవిడ చేతిలో మిగిలింది ఎర్ర లక్క పూసిన తమలపాకుల పెట్టె. దాని మూత ఇప్పుడు సరిగ్గా కూర్చోదు. మా అమ్మ అందులో సూదులూ దారాలూ పెట్టుకుంటుంది. అలా వచ్చినవాళ్ల కోసమే 1969లో బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ వెలిసింది. ఆ సందుల్లో అథో అనే బర్మా నూడుల్స్ తినని చెన్నైవాళ్లు తక్కువే, అది ఎవరి తిండో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

కాబట్టి బంగాళాఖాతం కూటమి అంటే నాకు ముచ్చటే. కానీ లెక్క చూడండి. 1997లో పుట్టిన బిమ్‌స్టెక్‌కు చార్టర్ మీద సంతకాలు 2022లో. ఇన్నేళ్లలో శిఖరాగ్ర సమావేశాలు ఆరు. స్వేచ్ఛా వాణిజ్యానికి 2004లో ముసాయిదా ఒప్పందం రాసుకున్నారు, అసలు ఒప్పందం ఇంకా రాలేదు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో ఓడల రవాణా మీద సంతకాలు చేశారు. ఇల్లు అలకగానే పండగ అవుతుందా? చెన్నై రేవులో టికెట్టు కొనుక్కుని రంగం ఓడ ఎక్కే వీలు మా తాతగారికి ఉండేది, నాకు లేదు.

ఇంకొకటి. ఆ బ్యాంకాక్ సమావేశంలో మయన్మార్ తరఫున కూర్చున్నది సైనిక పాలకుడే. 2021లో అధికారం లాక్కున్న ఆయనను ఆసియాన్ తన శిఖరాగ్ర సమావేశాలకు రానివ్వడం లేదు. కుర్రవాడుగారూ, మీరు వెక్కిరించిన కూటమికి ఆ మాత్రం పట్టింపు ఉంది. మన కొత్త కూటమికి అదీ లేదు.

కాశిమేడు కోడలు

శ్రీలంక రెండిటిలోనూ ఉంది. మా వీధిలో వలలు బాగుచేసేవాళ్లు అడిగేది ఒకటే: శ్రీలంకవాళ్లు పట్టుకున్న రామేశ్వరం జాలర్ల పడవలు వదిలారా, లేదా? ఇద్దరి మధ్య తగాదాలు ఎత్తకూడదని సార్క్ చార్టర్‌లోనే రాసుకున్నారట. ఇక మా సంగతి ఎత్తేది ఎవరు?

పెరంబూరు పంతులు

అమ్మా, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రంగం మనవరాలిగారి లెక్కలకూ లేదు. కుర్రవాడికి మాత్రం ఒక మాట. 2022 జనవరిలో శ్రీలంక ఖజానా అడుగంటినప్పుడు మన రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు సర్దింది. ఏ పద్దు కింద? సార్క్ కరెన్సీ మార్పిడి ఏర్పాటు కింద. ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయం నడుస్తున్నదీ ఆ పేరు మీదే. పడకేసినవాడి జేబులోనుంచే ఇంకా ఖర్చు పెడుతున్నాం.

కొరుక్కుపేట కుర్రవాడు

డబ్బు మనది పంతులుగారూ. సార్క్ అన్న పేరు కాగితం మీద ఉంది, అంతే. అది కొట్టేసినా ఇచ్చేవాళ్లం.

పెరంబూరు పంతులు

మరి ఎందుకు కొట్టేయలేదు?