పెదవాల్తేరు ఇల్లు: స్లాబ్ బాగు చేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న: గాజువాక టీచర్

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పెదవాల్తేరులో, పోలమాంబ గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో మాకు 165 గజాల సైటులో ఇల్లుంది. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. పీఎఫ్ మీద లోను తీసుకుని 1988లో కట్టారు. హాలు, ఒక పడకగది, వంటిల్లు, ముందు వరండా. తర్వాత 1993లో నానమ్మ కోసం వెనకాల ఇంకో గది వేశారు. 2019లో నాన్న పోయారు. అప్పటి నుంచి అమ్మ ఒక్కతే ఉంటోంది. అమ్మకు 74 ఏళ్ళు. నేను గాజువాకలో, తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాం.

పోయిన నెల ఒక మధ్యాహ్నం వెనక గదిలో స్లాబ్ పెచ్చు ఊడి మంచం మీద పడింది. రోజూ ఆ వేళకి అమ్మ ఆ మంచం మీదే నడుం వాలుస్తుంది. ఆ రోజు చేపలావిడ కేకేస్తే వీధిలోకి వెళ్ళింది, అంతే. సాయంత్రం నేను వెళ్ళేసరికి పెచ్చు ఇంకా దిండు మీదే ఉంది. చేతిలోకి తీసుకుంటే సగం ఇటుకంత బరువు. లోపలి వైపు చువ్వ అచ్చు గాడిలా దిగి ఉంది, గాడి పొడవునా తుప్పు. స్టూలెక్కి పైన చూశాను. చువ్వ ఉల్లిపొరల్లా విడిపోతోంది. గోటితో గీకితే పొరలు రాలి నా చీర మీద పడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పక్కింటి కొబ్బరిచెట్టు మా పిట్టగోడ మీద పడి ఆ మూల బీట ఇచ్చింది. ఆ వానకి గదంతా చెమ్మ దిగింది. మరుసటి ఏడు నాన్న ఒక మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించారు. మూడేళ్ళలో అదే చోట మళ్ళీ ఉబ్బింది. మళ్ళీ పూత వేయించారు. ఇప్పుడు ఇది.

మా వీధి మేస్త్రీ పెచ్చులన్నీ కొట్టేసి కొత్త ప్లాస్టరింగ్‌కి 2 లక్షల 80 వేలు అడుగుతున్నాడు. తమ్ముడేమో "అక్కా, ఎన్నిసార్లు పూస్తాం, అమ్మేద్దాం. అమ్మకి మధురవాడ వైపు లిఫ్టున్న ఫ్లాట్ కొందాం" అంటున్నాడు. బ్రోకర్ కోటీ 40 లక్షలు వస్తాయన్నాడు. అది సైటుకే, ఇంటికి రూపాయి కూడా లెక్క కట్టలేదు. డెవలప్‌మెంట్‌కి, అంటే అపార్ట్‌మెంట్ కట్టి ఫ్లాట్లు పంచుకునే పద్ధతిలో, ఇద్దామని ఒక బిల్డర్‌ని తీసుకొస్తే, మా సందు 12 అడుగులేనని టేపు పెట్టి చూసుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడిని తప్పు పట్టను. దూరంగా ఉండి ఫోన్ మోగినప్పుడల్లా భయపడేది వాడే. కానీ అమ్మేశాక వెనక్కి రాదు. బాగు చేయిస్తే ఎన్నేళ్ళు నిలుస్తుంది? పెట్టిన డబ్బు రేపు అమ్మినప్పుడు తిరిగొస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మని ప్రస్తుతానికి హాల్లో పడుకోమన్నాను.

జవాబు: సీతమ్మధార, రిటైర్డ్ సివిల్ ఇంజినీర్

అమ్మా, ముందు ఆ గదికి తాళం వేయించండి. మంచం జరిపితే చాలదు, మనుషులే వెళ్ళకూడదు. సామాన్లు తీయాలన్నా కింద సెంట్రింగ్ జాకీలో, సరుగుడు బాదులో నిలబెట్టాకే తీయండి.

మేస్త్రీ చెప్పిన ప్లాస్టరింగ్ మాత్రం వద్దు. మీ ఇంట్లో రెండుసార్లు విఫలమైంది అదే. కాంక్రీటులో క్షారగుణం ఉన్నంత కాలం చువ్వ మీద కంటికి కనపడని పొర ఒకటి కాపాడుతూ ఉంటుంది. సముద్రపు ఉప్పు లోపలికి చేరితే ఆ పొర తెగిపోతుంది. చెమ్మ, గాలి తోడైతే తుప్పు మొదలు. ఇనుముకంటే తుప్పుకి చోటు ఎక్కువ కావాలి. అది ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచి తోసేస్తుంది. తుప్పు అలాగే ఉంచి పైన సిమెంటు పూస్తే పుండు కడగకుండా కట్టు కట్టినట్టే. పైగా పూత వేసినంత మేర కొత్త సిమెంటు, దాని పక్కన ఉప్పున్న పాత కాంక్రీటు ఉంటాయి. ఆ అంచుల్లో తుప్పు ఇంకా జోరుగా నడుస్తుంది. నేను సర్వీసులో ఉండగా బీచ్ రోడ్డు వైపు క్వార్టర్లలో ఇదే చూశాను. ఒక చోట పూస్తే ఏడాదికి దాని పక్కన ఊడేది.

మీ నాన్నగారి తప్పు కూడా కాదు. అప్పట్లో అమల్లో ఉన్న 1978 నాటి కోడ్ (కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణాలు) స్లాబ్ చువ్వ కింద 15 మిల్లీమీటర్ల కవరింగ్, అంటే చువ్వని కప్పి ఉంచే కాంక్రీటు మందం, ఉంటే చాలంది. 2000లో వచ్చిన కోడ్ సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటుకి 45 అడుగుతుంది. మూడింతలు.

ఇక రిపేరా, అమ్మకమా అనేది ఇప్పుడే తేల్చకండి. స్లాబ్ ఏ స్థితిలో ఉందో కొలవకుండా ఆ మాట తేలదు. రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు గట్టితనానికి), కవర్ మీటర్ (చువ్వ ఎంత లోతులో ఉందో చూడటానికి), హాఫ్ సెల్ (చువ్వకి తుప్పు నడుస్తోందేమో చూడటానికి) పరీక్షలు చేయించండి. చువ్వల చుట్టూ డ్రిల్ చేసి కాంక్రీటు పొడి తీయించి అందులో ఉప్పెంతుందో ల్యాబ్‌లో చూపించండి. ఒక్క వెనక గదికే కాదు, ప్రతి గదికీ విడివిడిగా. చువ్వ మందం కాలిపర్‌తో కొలిపించండి. 8 మిల్లీమీటర్ల చువ్వ 6కి వచ్చిందంటే చూడటానికి తేడా కొంచెమే, బలంలో దాదాపు 44 శాతం పోయినట్టు.

ఇంకో మాట. 1988లో, 1993లో కాంక్రీటు ఏ నీళ్ళతో కలిపారో మీ అమ్మగారిని అడగండి. పెదవాల్తేరు దగ్గర కొన్ని బోర్లు ఉప్పగా ఉండేవి.

జవాబు: మధురవాడ నుంచి

టీచర్ గారూ, మాది చినవాల్తేరులో పాత డాబా ఇల్లు. 2021లో అమ్మేసి మధురవాడలో ఏడో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాం. డబ్బు పరంగా నాకు విచారం లేదు. వానొస్తే గిన్నెలు పెట్టుకోవక్కర్లేదు. కరెంటు పోతే జనరేటర్ ఉంది.

మా అమ్మ సంగతి మాత్రం చెప్పాలి. పాత ఇంట్లో రోజుకు పదిమందితో మాట్లాడేది. పూలమ్మాయి, ఎదురింటి మామ్మ, పాలబ్బాయి. ఇక్కడికొచ్చిన మొదటి రెండు నెలలు లిఫ్టులో బటన్ నొక్కడం రాక కిందికే దిగలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద నడిచేవాళ్ళ తలలు చూస్తూ ఉండేది. ఇప్పుడు అలవాటైంది, కింద పార్కులో నలుగురు స్నేహితులున్నారు. కానీ ఆ రెండు నెలలు ఆవిడ బరువు తగ్గిపోయింది. ఆ లెక్క మేం ముందు వేసుకోలేదు.

డబ్బు లెక్కలో కూడా ఒకటి మర్చిపోకండి. మీకిప్పుడు 165 గజాల నేల ఉంది. ఫ్లాట్‌లో మా వాటాకి వచ్చిన నేల 38 గజాలు. పైగా కొనేటప్పుడు రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి ఏడున్నర శాతం కట్టాం. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం అదనం. నెలనెలా మెయింటెనెన్స్ ఉండనే ఉంది.

జవాబు: అక్కయ్యపాలెం, డాక్యుమెంట్ రైటర్

మేడమ్, నేను కాగితాల వరకే చెప్తాను.

నాన్నగారు వీలునామా రాశారా? రాయకపోతే, ఇల్లు ఆయన సొంత సంపాదన కాబట్టి, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి సమాన వాటాలు. నాన్నగారు పోయిన రోజుకి నానమ్మ గారు బతికుంటే ఆవిడకూ ఒక వాటా. అమ్మాలంటే వాటా ఉన్నవాళ్ళందరూ సంతకం పెట్టాలి. అమ్మకపోయినా ఇంటి పన్ను రికార్డు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే మార్పించుకోండి. ఐదేళ్ళు దాటిపోయింది. ఇంతకాలం వదిలేసినవాళ్ళు అమ్మకం రోజున పరుగులు పెట్టడం నేను వారానికొకరిని చూస్తున్నాను. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) తీసి ఆ పీఎఫ్ లోను తాలూకు భారం ఏదైనా మిగిలిందేమో కూడా చూసుకోండి.

పన్ను సంగతి. 2024 జూలై 23 నుంచి ఇల్లు అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (పెరిగిన ధరలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కకట్టడం) లేకుండా. మీ ఇల్లు అంతకు ముందే మీకు సంక్రమించింది కాబట్టి ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేయించి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 2001కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. లాభాన్ని రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొనడానికి వాడితే ఆ మేరకు మినహాయింపు. ముగ్గురూ ఎవరి వాటాకి వాళ్ళు విడిగా లెక్క వేసుకోవాలి. ఒక్క అమ్మగారి పేరు మీద ఫ్లాట్ కొంటే మీ ఇద్దరి వాటాల పన్ను మీ మీదే ఉంటుంది. మీ తమ్ముడు ఇది ఆలోచించి ఉండరు, ఆడిటర్‌తో మాట్లాడమనండి.

బాగు చేయించే పక్షంలో బిల్లులన్నీ దాచండి. కొత్త స్లాబ్ లాంటి పెద్ద పని ఖర్చు రేపు అమ్మినప్పుడు ఇంటి ఖర్చులో కలుస్తుంది. స్లాబ్ తీసి మళ్ళీ వేసేట్టయితే ముందే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి.

గాజువాక టీచర్ (ఐదు వారాల తర్వాత)

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఒక్కొక్కరి మాటా మాకు పనికొచ్చింది. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను.

సీతమ్మధార ఇంజినీర్ గారు అడగమన్న ప్రశ్న ఆ రాత్రే అమ్మని అడిగాను. అమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "మొదటి ఇంటికి కుళాయి నీళ్ళు. మీ నాన్న తెల్లారుజామున నాలుక్కి లేచి డ్రమ్ములకి పట్టేవాడు. వెనక గది స్లాబ్ వేసిన రోజు కుళాయి రాలేదు. కూలీలు వచ్చేశారు, కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేసింది, ఆపలేక బోరు నీళ్ళు పోశారు. ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడికేది కాదు" అంది. ముప్ఫై ఏళ్ళ పైబడిన సంగతి, నిన్న జరిగినట్టు చెప్పింది. ఈ ఇంటి గురించి నేనూ తమ్ముడూ నెల రోజులు వాదించుకున్నాం కానీ ఆవిడని ఒక్క ముక్క అడగలేదు.

పరీక్షలకి వచ్చిన ఇంజినీర్ హాలు స్లాబ్‌లో చిన్న గుంట కొట్టి ఏదో ద్రవం చల్లారు. కాంక్రీటు గులాబీ రంగుకి తిరిగింది. వెనక గదిలో చల్లితే ఏ రంగూ రాలేదు, తడిసిన బూడిదలా ఉండిపోయింది. గులాబీ రంగొస్తే క్షారగుణం మిగిలి ఉన్నట్టట. ఉప్పు సంగతి దానితో తెలియదని పొడి తీసి ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు వచ్చింది. హాలు, పడకగది, వంటిల్లు మూడింట్లోనూ ఉప్పు కోడ్ చెప్పిన హద్దులోపలే ఉంది. వెనక గదిలో దానికి మూడు రెట్లు దాటింది. అక్కడ చువ్వ 5.8 మిల్లీమీటర్లు మిగిలింది.

అంటే మేం అమ్మేయాలనుకున్న జబ్బంతా ఒక్క గదిలో ఉంది. ఆ గది స్లాబ్ వేరుగా వేసింది, పాత ఇంటి స్లాబ్‌తో కలవలేదు. గోడలు బాగానే ఉన్నాయి.

రిపోర్టు కాగితాలు తమ్ముడికి పంపి, ఆదివారం పూట గంటన్నర మాట్లాడుకున్నాం. వెనక గది స్లాబ్ పూర్తిగా తీసేసి కొత్తగా వేయిస్తున్నాం, కవరింగ్ 45, నీళ్ళు ట్యాంకరువి. మిగతా ఇంటికి రెండు సన్‌షేడ్లలో మాత్రమే తుప్పు ఉంది. అక్కడ పాడైన కాంక్రీటు చువ్వ వెనక వరకూ కొట్టేసి, చువ్వ తెల్లబడేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ వేసి పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం) కడతారు. మేడ పైనంతా వాటర్ ప్రూఫింగ్. మొత్తం 6 లక్షల 90 వేలు. అమ్మితే ఇది తిరిగి రాదని బ్రోకర్ మాటల్లోనే అర్థమైంది. అందుకే తిరిగి రావాలని పెట్టడం లేదు, అమ్మ ఉన్నన్నాళ్ళకీ పెడుతున్నాం. తమ్ముడు సగం ఇస్తున్నాడు. ఇంటి పన్ను రికార్డు ముగ్గురి పేర్ల మీదకి మార్చడానికి అర్జీ పెట్టాం. ఎవరు ఎంత పెట్టారో కాగితం రాసుకున్నాం, అది వాడే అడిగాడు, నాకూ మంచిదనిపించింది. అమ్మ తర్వాత అమ్మకం సంగతి చూసుకుందామన్నాడు. నేను సరే అన్నాను.

పని నడిచే రెండు నెలలూ నాతో గాజువాక రమ్మంటే అమ్మ రానంది. ఎదురింటివాళ్ళ పై వాటా ఖాళీగా ఉంటే అద్దెకి తీసుకున్నాం. నిన్న సామాన్లు మోశాం. నానమ్మ మంచం గుమ్మంలో పట్టలేదు, కాళ్ళు విప్పితే గానీ బయటికి రాలేదు. గది కట్టక ముందే ఆ మంచం అక్కడ వేసి ఉందని, దాని చుట్టూ గోడ లేచిందని అమ్మ చెప్పింది.

రేపు ఏడింటికి బాదులు దిగుతాయి. ఎదురింటి పై వాటా కిటికీలోంచి చూస్తే మా మేడ కనిపిస్తుంది. అమ్మ కుర్చీ అక్కడ వేసి వచ్చాను.