హెపటైటిస్ సికి జీన్ టెస్ట్ చేయించాలా, వద్దా?

కృష్ణలంక_కుర్రాడు:
మా బావగారు రక్తదాన శిబిరంలో రక్తం ఇస్తే హెపటైటిస్ సి పాజిటివ్ అన్నారు. ల్యాబ్ అబ్బాయేమో "ఐఎల్28బి జీన్ టెస్ట్ చేయించండి సార్, మందు పనిచేస్తుందో లేదో ముందే తెలిసిపోతుంది" అంటున్నాడు. వేలల్లో ఖర్చు. అక్క టెన్షన్ చూడలేకపోతున్నాను. చేయించమంటారా?

బ్రాడీపేట_బాబాయ్:
వద్దు. ఆ డబ్బు పెట్టి ఫైబ్రోస్కాన్ చేయించు. లివర్ ఎంత గట్టిపడిందో తెలియాలి ముందు.

పటమట_టీచర్:
అంత తేలిగ్గా తీసిపారేయకండి బాబాయ్ గారూ. నేను జువాలజీ చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. ఈ వైరస్ సోకినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఏ మందూ లేకుండానే ఆరు నెలల్లోపు పోతుంది. మిగతావాళ్లలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. ఈ తేడాకు ఒక కారణం మన జీన్లే. ఐఎల్28బి జీన్ పక్కన ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం మారితే చాలని 2009లో తేలింది. ఆ చోట అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు అక్షరాలూ సి అయిన సిసి రకం వాళ్లకు వైరస్ దానంతట అది పోయే అవకాశం ఎక్కువ. జీనోటైప్ 1 రకం వైరస్ ఉన్నవాళ్లలో ఇంటర్‌ఫెరాన్ అనే పాత ఇంజెక్షన్ వైద్యం కూడా సిసి వాళ్లకు, రెండూ టి అయిన టీటీ వాళ్లతో పోలిస్తే సుమారు రెండింతలు పనిచేసింది. హెచ్ఎల్ఏ అనే ఇంకో జీన్ల గుంపులో బి27, బి57 రకాలు ఉన్నవాళ్లకూ వైరస్ దానంతట అది పోయే అదృష్టం ఎక్కువే. వైరస్ ముక్కల్ని మన రక్షణ సైన్యమైన టి కణాలకు పట్టి చూపించేవి ఆ హెచ్ఎల్ఏ అణువులే మరి.

సత్తెనపల్లి_శీను:
జీనోటైప్ 3 అని రాస్తారే, అదేనా ఇది?

పటమట_టీచర్:
కాదు శీను గారూ. 1, 3 అనేవి వైరస్ రకాలు. సిసి, సిటి, టీటీ అనేవి మనిషివి. మన దేశంలో ఎక్కువగా కనిపించే జీనోటైప్ 3లో ఈ జీన్ ప్రభావం కొంచెం తక్కువే, ఆ మాట ఒప్పుకుంటాను.

గుంటూరు_పాతకాపు:
నేను పడ్డవాణ్ణి, నన్ను చెప్పనివ్వండి. 2011లో నాకు ఇంటర్‌ఫెరాన్ పెట్టారు. వారానికో ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ బిళ్లలు, మొత్తం 48 వారాలు. మే నెల గుంటూరు ఎండల్లో రెండు దుప్పట్లు కప్పుకుని వణికాను. రక్తం పడిపోయింది, అన్నం సయించేది కాదు. మధ్యలో ఈ జీన్ టెస్టే చేయిస్తే టీటీ అని వచ్చింది. ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. చివరికి వైరస్ పోలేదు. 2016లో సోఫోస్బువిర్, లెడిపాస్విర్ కలిపిన జెనరిక్ బిళ్ల 12 వారాలు వేసుకున్నాను. పోయింది! జీన్ మారిందా? అదే టీటీ, అదే ఒళ్లు.

పటమట_టీచర్:
మీ కథ నా మాటకే సాక్ష్యం కదండీ! ఇంటర్‌ఫెరాన్ మన రోగనిరోధక శక్తిని ఉసిగొల్పి పనిచేయిస్తుంది, అందుకే జీన్ అడ్డుపడింది. సోఫోస్బువిర్ నేరుగా వైరస్ తన కాపీలు తీసుకునే ఎంజైమునే పట్టుకుంటుంది. ఇంకో వింత ఏంటంటే, మన ఒళ్లు కూడా సొంతంగా ఇంటర్‌ఫెరాన్లు తయారుచేసుకుంటుంది, టీటీ వాళ్లలో ఐఎఫ్ఎన్ఎల్4 అనేది అదనంగా తయారవుతుందని 2013లో బయటపడింది. ఆయుధం ఒకటి ఎక్కువ ఉన్నవాళ్లే ఓడిపోతున్నారు!

బ్రాడీపేట_బాబాయ్:
వింత బాగానే ఉంది మేడమ్, పరిశోధనకు పనికొస్తుంది. కుర్రాడి జేబుకు పనికిరాదు. ఇప్పుడు సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ 12 వారాలు వాడితే ఏ జీన్ వాళ్లకైనా 95 శాతం దాకా నయమవుతోంది. చూడాల్సింది సిరోసిస్, అంటే లివర్ బాగా గట్టిపడి పాడవడం, ఉందా లేదా అని. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో మందులు ఉచితం. సరే తమ్ముడూ, ఒంట్లో వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పే ఆర్ఎన్ఏ టెస్ట్ అయిందా?

కృష్ణలంక_కుర్రాడు:
లేదు బాబాయ్. యాంటీబాడీ పాజిటివ్ అనే కాగితం ఒక్కటే ఉంది.

బ్రాడీపేట_బాబాయ్:
ఓరి నాయనా! వైరస్ పోయాక కూడా యాంటీబాడీ మిగిలే ఉంటుంది. టీచర్ గారు చెప్పిన ఆ 30 శాతంలో మీ బావ ఉన్నాడేమో. అది తేలకుండా జీన్ దాకా వెళ్లారా!

కృష్ణలంక_కుర్రాడు:
రేపు పొద్దున్నే ఆర్ఎన్ఏకి రక్తం ఇస్తారు. జీన్ టెస్ట్ వద్దన్నానని ల్యాబ్ అబ్బాయి ఇప్పుడు డిస్కౌంట్ ఇస్తానంటున్నాడు.