మెడికల్ షాపులో ఇచ్చిన ఓఆర్‌ఎస్ డ్రింకు మందు కాదా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు. మొన్న రాత్రి మోషన్స్ పట్టుకుంటే మెడికల్ షాపుకి పరిగెత్తి ఓఆర్‌ఎస్ అడిగాను, ఆరెంజ్ రుచి టెట్రా ప్యాక్ చేతిలో పెట్టాడు. బాబు ఇష్టంగానే తాగాడు కానీ మోషన్స్ ఇంకా ఎక్కువయ్యాయి. పొద్దున డాక్టర్ గారు ఆ ప్యాక్ చూసి "ఇది ఓఆర్‌ఎస్ కాదమ్మా" అన్నారు. మందుల షాపులో అమ్మేది మందు కాకపోవడమేంటండీ?

జవాబు: ప్యాక్ ఉంటే వెనక్కి తిప్పి చూడండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంటే అది చట్టం లెక్కలో ఆహారం, పండ్ల రసం లాంటిదే. అసలు ఓఆర్‌ఎస్ మందు కిందికొస్తుంది, దాని మీద మందుల తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములాలో లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, అంతే. ఇలాంటి డ్రింకులో చక్కెర మరీ ఎక్కువైతే అది పేగుల్లోకి నీళ్లు లాగి మోషన్స్ పెంచుతుంది. మీ బాబుకి అదే జరిగిందని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ.

హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడింది దీని మీదే. 2022 ఏప్రిల్‌లో ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని వాడొద్దన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జులైకల్లా మెత్తబడి "ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు" అని ఒక ముక్క రాస్తే చాలంది (ఆ సడలింపు ఎందుకిచ్చారో నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు). 2025 అక్టోబర్ 14న దాన్ని వెనక్కి తీసుకుంది. మీకు అంటగట్టింది పాత సరుకేమో.

ప్రశ్న: మరి కంప్లయింట్ ఎవరికివ్వాలి? మాది వరంగల్.

జవాబు: ఈ డ్రింకు సంగతైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకే, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టొచ్చు, లేదా 1800 112 100కి ఫోన్ చేయండి. నిజంగా మందులోనే తేడా ఉంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లది 1800 599 6969. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి, బిల్లు పారేయొద్దు.

ఇంకొకరు: రాత్రి పదకొండుకి బిల్లు ఎవరిస్తారండీ బాబూ. ఒక మాట, పొడి ప్యాకెట్ తెచ్చినా మా ఇంట్లో గ్లాసుకి చెంచాడు చొప్పున కలిపేసేవాళ్లు, అది తప్పు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి.

ప్రశ్న అడిగినవారు: చెత్తబుట్టలోంచి తీసి చూశా. 14 అంకెలూ ఉన్నాయి. "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు" అన్న ముక్కా ఉంది, చదవడానికి మా అత్తయ్య కళ్లజోడు అడగాల్సొచ్చింది.