నీటిగుంట చుట్టూ చౌడు పట్టీ: గడ్డి విత్తనం ఎప్పుడు వేయాలి?

కెనడా సస్కాచెవాన్‌లో హంబోల్ట్ దగ్గరి పొలం. మధ్యలో రెండెకరాల స్లూ (హిమానీనదాలు వదిలిపోయిన నీటిగుంట), చుట్టూ 15 మీటర్ల వెడల్పున తెల్లటి చౌడు. పై 15 సెం.మీ.లో ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, dS/m లో) 11, అడుగున 60 సెం.మీ. దగ్గర 7. అంటే ఉప్పు కిందనుంచి పైకే వస్తోంది. ఫాక్స్‌టెయిల్ బార్లీ, కోచియా అనే ఉప్పు తట్టుకునే కలుపు మొక్కలు తప్ప ఏమీ మొలవదు.

రెండేళ్లు బార్లీ పంట వేశాం, మొలకలోనే మాడింది. ఈ మే 20న గ్రీన్ వీట్‌గ్రాస్ (ఉప్పు తట్టుకునే పశుగ్రాసం) విత్తనం ఎకరాకు 12 పౌండ్లు, సెంటీమీటరు లోతున వేస్తే అక్కడక్కడే మొలిచింది. జూన్‌లో పైపొర గట్టిపడి అదీ పోయింది. గట్టువైపు 30 మీటర్ల వెడల్పున వేసిన అల్ఫాల్ఫా (లోతుగా వేళ్లు దిగి నీటిని లాగే పశుగ్రాసం) మాత్రం బాగా నిలిచింది, కానీ దానివల్ల భూగర్భజలం దిగడానికి టైం పడుతుంది. మన దగ్గరిలా జిప్సం వేయమనకండి, ఇక్కడి ఉప్పులో సల్ఫేట్లే ఎక్కువ, జిప్సం కూడా సల్ఫేటే. గుంట నీళ్లు బయటికి తీసే ఆలోచనా లేదు.

మీలో ఎవరికైనా ఈసీ 10 దాటిన నేలలో గ్రీన్ వీట్‌గ్రాస్‌ని అక్టోబర్ చివర, నేల గడ్డకట్టే ముందు వేస్తే బాగా మొలిచిందా, లేక ఏప్రిల్‌లో మంచు కరగగానే వేస్తేనా?