పిల్లల బొమ్మల పుస్తకంలో ‘-ఆలి’: ప్రాస కుదిరినా పాట కుదరనిది ఎందుకు?

నాలుగైదేళ్ళ పిల్లల కోసం పద్యాలతో బొమ్మల పుస్తకం రాస్తున్న మన చర్చావేదిక సభ్యురాలు ఒకరు, తన పంక్తులన్నింటికీ అంత్యప్రాస (పాదాల చివర ఒకే ధ్వని కలవడం) చక్కగా కుదిరినా చదివితే పాటలా కాకుండా బడి గోడమీది సూక్తిలా వినిపిస్తున్నాయని, కారణం చెప్పమని అడిగారు. ఆ పుస్తకంలోని ప్రతి పాదమూ ‘తోమాలి, కడగాలి, వినాలి, ఉండాలి’ అని ముగుస్తోంది. నా ఉద్దేశంలో చిక్కంతా ఆ ‘-ఆలి’లోనే ఉంది.

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది కనుక, అంత్యప్రాస కోసం వెతికేవారి చేతికి మొదట దొరికేది క్రియా ప్రత్యయమే, అంటే క్రియ చివర చేరే భాగమే. నీతి చెప్పదలచినప్పుడు ఆ ప్రత్యయం ‘-ఆలి’ గానో ‘-కూడదు’ గానో తయారవుతుంది. అంటే, ప్రాసను సులభంగా సాధించే దారీ, పిల్లలకు ఆజ్ఞలు జారీ చేసే దారీ ఒకటే అయిపోతున్నాయి. రాసేవారు మృదువుగా చెప్పాలనే అనుకున్నా, ప్రాస వారిని ఆజ్ఞ వైపు లాక్కుపోతుంది.

ఇందుకు విరుగుడు మన నోటి పాటల్లోనే ఉంది. ‘చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా, తోటకెళ్ళావా, పండు తెచ్చావా’ అన్న నాలుగు పాదాలను మాత్రలు లెక్కపెట్టి చూడండి (మాత్ర అంటే పలికే కాలానికి కొలత: పొట్టి అక్షరానికి ఒకటి; దీర్ఘానికీ, సున్నా ఉన్నదానికీ, ఒత్తక్షరానికి ముందున్నదానికీ రెండు). ‘చిట్టి’ మూడు, ‘చిలకమ్మా’ ఆరు. ‘అమ్మ’ మూడు, ‘కొట్టిందా’ ఆరు. ‘తోట’ మూడు, ‘కెళ్ళావా’ ఆరు. ‘పండు’ మూడు, ‘తెచ్చావా’ ఆరు. ప్రతి పాదానికీ తొమ్మిది మాత్రలే, విరుపు కూడా ఒకే చోట. ఆ తరువాతి ‘గూట్లో పెట్టావా’లో ఒక మాత్ర పెరుగుతుంది గాని, పాడే నోరు దాన్ని సర్దుకుంటుంది. ఇక్కడ కూడా పాదాంతంలో ఉన్నది క్రియా ప్రత్యయమే, కాని అది ఆజ్ఞ కాదు, ప్రశ్న. పండు ఎవరికీ పెట్టకుండా మింగడం తప్పని ఆ పాట ఎక్కడా అనదు. అడిగి ఊరుకుంటుంది, జవాబు పిల్లల ముఖంలో కనబడుతుంది. ‘చిట్టి’లోని ట్టకారమే ‘కొట్టిందా’లోనూ ‘పెట్టావా’లోనూ తిరిగి వినబడటం నాకు ఎంతో ఇష్టమైన విషయం. పద్యాల్లో రెండవ అక్షరానికి మన లాక్షణికులు, అంటే ఛందస్సు నియమాలు చెప్పిన పండితులు, ఇచ్చిన ప్రాముఖ్యం, ఛందస్సు చదవని తల్లుల చెవిలో కూడా ఉందని దీనివల్ల తెలుస్తోంది.

వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యం సంగతీ ఇంతే. అది ఆటవెలది అనే ఛందస్సులో ఉంది; పాదాలన్నింటిలో రెండవ అక్షరం ఒకటే కావాలనే ప్రాస నియమం ఆటవెలదికి లేదు. అయినా ‘ఉప్పు, కప్పు’ అనీ, ‘చూడ, జాడ’ అనీ రెండవ అక్షరాలు పాదంలోనే కలుస్తాయి. నీతి వినబడే ముందే ఉప్పూ కర్పూరమూ కంటికి కనబడతాయి.

ఇప్పుడు ఒక ప్రయోగం చూద్దాం. ఊయల దగ్గర తమ వంతు వచ్చేదాకా ఆగడం అన్నది విషయం అనుకుందాం. మొదటి పద్ధతి ఇలా ఉంటుంది:

వంతు వచ్చే దాక ఆగాలి
వరుసలోనే నిలిచి ఊగాలి

పాదానికి పదిహేను మాత్రలు సరిపోయాయి, ‘ఆగాలి, ఊగాలి’ అన్న ప్రాస నిండుగా ఉంది. లెక్కలో తప్పు లేదు, కాని బొమ్మ వేసేవారికి ఇందులో ఏమీ మిగలలేదు. రెండవ పద్ధతి ఇది:

చిట్టెలుకమ్మా ఊగేదాక
గట్టున నిలిచిన ఏనుగు పాప

ఇవీ పదిహేనేసి మాత్రలే. ప్రాస పాదం చివరి నుంచి మొదటికి, ‘చిట్టె, గట్టు’లకు జరిగింది. వాక్యాన్ని ముగించే క్రియే చివర లేదు కనుక ‘-ఆలి’కి చోటు లేదు. ఏనుగు పాప ముఖంలో ఆత్రం, చిట్టెలుక ముఖంలో సంబరం బొమ్మ చెబుతుంది. పుట తిప్పితే, చిట్టెలుక తన చిన్ని చేతులతో ఏనుగు పాప కూర్చున్న ఊయలను తోస్తూ కనబడాలి. అక్కడ ఒక్క మాట కూడా రాయకపోయినా నష్టం లేదు. నడుమ పిన్నులు కొట్టే పుస్తకానికి పుటలు నాలుగు చొప్పున పెరుగుతాయి కనుక, పదహారు పుటల్లో పేరు పుటా ప్రచురణ వివరాల పుటా పోగా రచయితకు దక్కేవి పద్నాలుగే. వాటిలో ఒకదాన్ని మాటలు లేకుండా వదిలేయడానికి ధైర్యం కావాలి, నిజమే.

దీనికి వచ్చిన ఒక అభ్యంతరం: “అయ్యా, చిన్నపిల్లలకు పళ్ళు తోమాలి అని సూటిగా చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? మా తెలంగాణ ఇళ్ళలో ‘తోమాలె’ అని రోజూ అంటూనే ఉంటాం కదా.”

అమ్మా, పళ్ళు తోమించే వేళ ఆ మాట తప్పకుండా అనవలసిందే. ఆ మాటను అమ్మ రోజూ అంటూనే ఉంది కనుకనే, రాత్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివే పుస్తకం కూడా అదే అనవలసిన అవసరం లేదని నా మనవి. మీరు ప్రస్తావించిన ‘తోమాలె’ వల్ల మరో మేలైన సంగతి గుర్తుకు వచ్చింది. ‘ఆగాలి’ని ఒక ఇంట్లో ‘ఆగాలె’ అని చదివినా, రెండవ అక్షరమైన గకారం చెక్కుచెదరదు. ప్రత్యయం మీద కట్టిన ప్రాస యాస మారినప్పుడు రంగు మారవచ్చు. ధాతువులోని, అంటే క్రియ మూలరూపంలోని, అక్షరం మీద కట్టినది శ్రీకాకుళంలోనూ కరీంనగర్‌లోనూ ఒకేలా నిలుస్తుంది. ఆ సభ్యురాలు తన పద్యాలను మరొకసారి పైకి చదివి, ‘-ఆలి’ ఉన్న ప్రతి చోటా ఆ పని చేస్తున్న జంతువు పేరు పెట్టి చూసి, ఏ పాదం నిలిచిందో ఏది కూలిందో ఇక్కడ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.